మిషను ఆపలా

పోయిన వారం పేపర్లో ఒక వార్త చదివి ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఊరి బయట ఏదో ఫ్యాక్టరీలో ఒక మనిషి చెయ్యి పోయిందట. కార్మికుడి అజాగ్రత్తే కారణమని కంపెనీ వాళ్లు ప్రకటన ఇచ్చారట. ఎనభై దాటినా ఇలాంటివి చదివితే నాకు ఒళ్లు మండిపోతుంది. ప్రభుత్వాన్ని, కంపెనీలను, ఆ కంపెనీల పందిళ్లలో దండలు వేయించుకునే మంత్రులను వరసపెట్టి తిట్టడం నాకు పొద్దుటి కాఫీతో పాటు జరగవలసిన పని. మా ఇంట్లో దీనికి అలవాటు పడిపోయి ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఆ రోజు మాత్రం బీన్సు తరుగుతున్న మా కోడలు, "ఆ మాట టైపు చేసింది గూడా మీ మాదిరి ఎవరో ఒక ఆడపిల్లే అయ్యుంటది లే అత్తా," అంది. ఆమెకేమీ తెలియదు, ఊరికే అంది. నేను పేపరు మడిచి పెట్టేసి గదిలోకి వెళ్లి కూర్చున్నాను.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయి ఏడాదో రెండేళ్లో అయిన రోజులవి. మద్రాసు మనకు రాలేదన్న దుఃఖంతో పురసవాక్కంలో మా ఇంటి తిన్నె మీద ప్రతి సాయంత్రం ఒక సభ జరిగేది. అధ్యక్షుడూ మా నాయనే, ప్రధాన వక్తా మా నాయనే. మూడు తరాలుగా ఈ ఊళ్లోనే ఉన్నవాళ్లం కనుక తెలుగువాళ్లకు జరిగిన అన్యాయాన్ని గురించి ఆయన సగం అరవంలోనే ఆవేశపడేవారు. "పోదుం లేండి, అన్నం ఆరిపోతా ఉండాది," అని అమ్మ లోపలినుంచి పిలిచేదాకా ఆ సభ ముగిసేది కాదు. నేను అప్పటికి టైపు హయ్యరు పాసై, పక్కనే ఉన్న చూలై పేటలో రేకు డబ్బాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరి ఐదు నెలలు. ఆఫీసంటే చెక్క అడ్డం కట్టిన మూల. అటువైపు రేకు నొక్కే ప్రెస్సుల దడదడ, ఇటువైపు నా మిషను టకటక, రెంటి మీదా నూనె, రేకు కలిసిన వాసన. ఇంటికెళ్లి తల దువ్వుకుంటే దువ్వెనకు కూడా ఆ వాసనే. నెలాఖరుకు నన్ను పర్మనెంటు చేస్తారో ఇంటికి పంపుతారో ఇంకా తేలలేదు. నా ఇంగ్లీషు మీద మాత్రం నాకు మహా గర్వం. ఎవరైనా కర్త లేని వాక్యం రాసి ఇస్తే ఎర్ర పెన్సిలు తీసేదాన్ని.

అక్కడ ప్రెస్సు మీద పనిచేసే మామ ఒకాయన ఉండేవాడు. చుట్టరికమేమీ లేదు, మా వెనక వీధిలో ఉండేవాడు, పిలుపు అట్లా కుదిరిపోయింది. నలభై ఏళ్లుంటాయి. మనిషి సన్నగా, మాట నెమ్మదిగా. "మేస్త్రి అరవంలో తిడతాడు, మేనేజరు ఇంగ్లీషులో తిడతాడు. మనట్టా మాట్లాడేదానికి ఈడ నువ్వొక్కతే ఉండావు పాపా," అనేవాడు. హాజరు పుస్తకంలో అందరూ వేలిముద్ర వేస్తే తను మాత్రం తెలుగులో గుండ్రంగా సంతకం పెట్టేవాడు. పెట్టి, నేను చూశానా లేదా అని ఒకసారి చెక్క అడ్డం మీదుగా ఇటు చూసేవాడు.

ఒక మధ్యాహ్నం ప్రెస్సుల మోత ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికే అందరం లేచి నిలబడ్డాం. మామ కుడిచేతి వేళ్లు నాలుగు పోయాయి. మూడో రోజు మేనేజరు నన్ను వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లాడు. గాయపడినవాడి వాంగ్మూలం ఇంగ్లీషులో కావాలట, పైకి పంపాలట. "చిన్న చిన్న వాక్యాలు రాయమ్మా, ఎవరేం చేశారో క్లియర్‌గా ఉండాలి," అన్నాడు బస్సులో, అరవంలో. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. ఇది నేను నా కోసం కాదు, వాళ్ల కోసం చెబుతున్నాను.

ఫినాయిలు వాసన కొట్టే వార్డులో మామ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, చెయ్యి మోచేతిదాకా కట్టు. కాళ్ల దగ్గర మేస్త్రి కమలాపళ్ల పొట్లంతో నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందని నేను అడిగితే మామ ఒక్కో మాటే చెప్పాడు. "రేకు ఇరుక్కునింది పాపా. మిషను ఆపలా. లోపల చెయ్యి పెట్టినా. అంతే."

నేను మొదటి వాక్యం రాసి రెండో వాక్యం దగ్గర ఆగాను. మన భాషలో ఆ మాటకు మనిషితో పని లేదు. నేను ఆపలా, నువ్వు ఆపలా, వాళ్లు ఆపలా, ఎవరైనా మాట ఒకటే. ఇంగ్లీషులో అయితే ఎవరో ఒకరిని ముందు నిలబెట్టాలి. ఎవరు మామా, అని అడిగితే సరిపోయేది. మేస్త్రి పళ్ల పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. నేను "ఐ డిడ్ నాట్ స్టాప్ ది మెషీన్" అని రాశాను.

పొరపాటు అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది పొరపాటు కాదు. ఆ ఫ్యాక్టరీలో ప్రెస్సులన్నీ ఒకే మోటారు మీద, పై నుంచి దిగిన బెల్టులతో తిరిగేవి. మోటారు స్విచ్చి మేస్త్రి బల్ల పక్కన జాలీ తలుపు వెనక ఉండేది, దాని తాళంచెవి మేస్త్రి మొలతాడుకు ఉండేది. నేను రోజూ నాలుగుసార్లు దాన్ని దాటుకుని నడిచేదాన్ని. మామ ఆపాలన్నా ఆపలేడని నాకు తెలుసు. తెలిసే రాశాను. నెలాఖరు నాలుగు రోజుల్లో ఉంది.

రాసింది ఆయనకు తెలుగులో చదివి వినిపించాను. "మిషను ఆపలా అని రాసినా మామా, సరేనా?" అన్నాను. "సరేమా," అన్నాడు. ఆయన చెప్పిన మాటే కదా, ఎందుకు కాదంటాడు? ఎడమచేతి బొటనవేలికి సిరా పూసి కాగితం మీద నేనే ఒత్తించాను. ఆయన ఆ ముద్రకేసి కాసేపు చూశాడు.

ఆ సాయంత్రం తిన్నె మీద నాయన అందరికీ చెప్పుకున్నారు, మనవాడి మాటను మన పిల్లే దొరల భాషలో పెట్టి వచ్చిందని. నేను లోపల పీట మీద కూర్చుని విన్నాను. అన్నం సయించలేదు. అమ్మ దిష్టి తీసింది. తర్వాత అంతా అనుకున్నట్టే జరిగింది. మనిషి సొంత అజాగ్రత్త అని తేలింది, మామ పని పోయింది, నేను పర్మనెంటు అయ్యాను. మేనేజరు ఆ కాగితం చూపించి, వాక్యాలంటే ఇట్లా ఉండాలని గుమాస్తాలకు చెప్పాడు. కంపెనీ ఇట్లా చేసింది, సర్కారు అట్లా చేసింది అని ఇప్పుడు నేను అరుస్తుంటానే, కంపెనీ అనేది కాగితం పట్టుకుని మంచం పక్కన ఎక్కడా కూర్చోదు. ఆ రోజు కూర్చున్నది నేను.

నాలుగైదేళ్ల తర్వాత పురసవాక్కంలో ఒక గుడ్డల అంగడిలో చీర కొని బయటికి వస్తున్నాను. మెట్ల పక్కన స్టూలు మీద కూర్చుని వచ్చేవాళ్ల చెప్పులు కాస్తున్న మనిషి, "బాగుండావా పాపా?" అన్నాడు. తల తిప్పి చూస్తే మామ. ఇంట్లో వాళ్ల గురించి, నాయన గురించి అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు నేను చెప్పింది చెప్పినట్టే రాస్తివి. పైనుండే వాళ్లు మార్చేసినారు, నాకు తెలీదా? మన పిల్ల అట్టా రాయదని ఇంట్లో దానికి గూడా చెప్పినా," అన్నాడు.

నేను "అవును మామా," అన్నాను.

ఆయన తృప్తిగా తలాడించి, ఎడమచేత్తో నా చెప్పులు తీసి, నేను కాళ్లు పెట్టుకోవడానికి వీలుగా నా వైపు తిప్పి పెట్టాడు. తొడుక్కుని వచ్చేశాను. మళ్లీ ఆ అంగడి వైపు వెళ్లలేదు. ఆయన పోయాడని చాలాకాలానికి ఎవరో చెబితే విన్నాను. నిజం చెప్పడానికి ఆ మెట్ల దగ్గర నాకు అర నిమిషం చాలేది, ఆ తర్వాత గడిచిన అరవై ఏళ్లూ చాలలేదు.