మామ్మ వేళ్లు గుర్తుపట్టిన పువ్వులు

నా చిన్నప్పుడు మా మామ్మకి చూపు బాగా తగ్గిపోయింది. అయినా వంటింటి పెత్తనం మాత్రం వదల్లేదు. ఒకసారి చుట్టాలొచ్చినప్పుడు, పంచదార అనుకుని పరమాన్నంలో ఉప్పు పోసేసింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు మా అమ్మ నెమ్మదిగా, "మీరు కూర్చోండి అత్తయ్యగారూ, నేను చూసుకుంటాను" అంది. ప్రేమగానే అంది. కానీ ఆ మాటతో మామ్మ వీధి అరుగు మీదకి చేరిపోయింది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదనేది. చేతికి పని లేకపోతే మనిషి ఎంతగా చిక్కిపోతుందో అప్పుడే చూశాను.

మొగల్తూరు చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్లలాగే మా పక్కింటి అక్క కూడా లేసు అల్లేది. ఓ మధ్యాహ్నం తెల్లదారంతో పువ్వుల్లా అల్లిన గుండ్రటి లేసులు తెచ్చి మామ్మ ఒళ్లో పెట్టింది.

"కొత్త డిజైన్లండి మామ్మగారూ. సరిగ్గా వచ్చాయో లేదో కాస్త తడిమి చెప్పండి."

మామ్మ ముందు అక్కర్లేదన్నట్టు మొహం తిప్పుకుంది. కాసేపటికి వేళ్లు వాటంతటవే కదిలాయి. "ఇది నందివర్ధనం, రేకులు విడివిడిగా తెలుస్తున్నాయి. ఇది చేమంతి. ఇదేంటే, తామరా? కొసలు ఇంకాస్త సూదిగా రావాలి."

అక్క అక్కడే కూర్చుని కొసలు విప్పి మళ్లీ అల్లింది. అల్లుతూనే, "వీటిని మీ జాడీల మూతలకి తొడుగుదామనుకుంటున్నానండి. దేనికి ఏది తొడగమంటారు?" అంది.

మామ్మ ఒళ్లోని లేసులు తీసి పక్కన పెట్టేసింది. నొచ్చుకుందేమోనని నాకు భయం వేసింది. తర్వాత లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది.

"చేమంతి పంచదారకి. నందివర్ధనం ఉప్పుకి. తామర కారానికి పెట్టు, ఎలాగూ గుచ్చుకుంటుంది" అని నవ్వింది.

గుమ్మంలో నిలబడ్డ అమ్మ కళ్లు తుడుచుకుని, "పాలు పొయ్యి మీద పెట్టనా అత్తయ్యగారూ?" అంది.

ఆ సాయంత్రం మామ్మ మళ్లీ పరమాన్నం వండింది. మొదటి గిన్నె నాచేత పక్కింటికి పంపింది.

అక్క తనే ఆ లేసులు తొడిగేసి వెళ్లినా పని జరిగిపోయేది. ఏ పువ్వు దేనికో మామ్మనే చెప్పనిచ్చింది. అది నా మనసులో ఉండిపోయింది. ఈమధ్య మా ఆయనకి కుడిచెయ్యి పట్టు తప్పింది. మొదటిరోజు అన్నం కలిపి నోటికి అందించబోయి ఆగిపోయాను. కంచం ముందు పెట్టి, "ఎలా అయితే మీకు వీలుగా ఉంటుందండీ?" అని అడిగాను.

ఆయన చెంచా కోసం ఎడమచెయ్యి చాపారు.