కళ్లంలో తిరిగిన చందమామ

కృష్ణాబాయి రాయచూరు పట్నంలో పుట్టింది. ఇంట్లో తెలుగే మాట్లాడినా, నైజాం కాలపు బడిలో చదువంతా ఉర్దూలో సాగింది. భూగోళమూ లెక్కలూ ఆమెకు ఆ భాషలోనే వంటబట్టాయి. తుంగభద్ర కాలువ పారాక కోస్తా నుంచి వచ్చిన రైతులు మస్కి ఊరి అవతల క్యాంపు వేసుకున్నారు. పిల్లలకు తెలుగు వచ్చిన టీచరు కావాలని వాళ్లు అడిగితే, ఇరవై ఆరేళ్ల కృష్ణాబాయి ఆ రేకుల బడికి వచ్చింది. అది 1961.

ఆమె తన యాసలో "గిట్ల కూసోండ్రి" అంటే పిల్లలు కిసుక్కుమనేవారు. ఆమె కోప్పడేది కాదు. సాయంత్రం గదిలో కూర్చుని, మర్నాటి పాఠాన్ని పుస్తకంలో ఉన్నట్టే పైకి చదువుకునేది.

ఒకరోజు చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతూ, తన చుట్టూ తాను కూడా తిరుగుతాడని చెప్పింది. మర్నాడు కుసుమకుమారి అనే పిల్ల వాళ్ల తాత యలమందయ్యను వెంటబెట్టుకొచ్చింది. ఆయన గుమ్మం బయట చెప్పులు విడిచి నిదానంగా అడిగాడు.

"అమ్మా, పుట్టి బుద్ధెరిగిన కాణ్నించీ చూస్తన్నాను. చందమామలో మచ్చ ఎప్పుడూ అట్టాగే ఉంటది. తన చుట్టూ తాను తిరిగితే వీపు కనపడాలి గదా?"

రెండు తిరుగుళ్లకూ పట్టే కాలం ఒక్కటేనని ఆమెకు తెలుసు. అలాగైతే ఒకే మొహం ఎందుకు కనిపిస్తుందో మాత్రం ఊహకు అందలేదు.

"నాకు తెల్వదు పెద్దయ్యా. తెలుసుకొని చెప్త," అంది.

ఆయన తలూపి వెళ్లిపోయాడు. కానీ పంతులమ్మకు పాఠం రాదన్న మాట క్యాంపంతా పాకింది. ఆమె సెలవులకు రాయచూరు వెళ్లి తన పాత మాస్టారును అడిగితే, ఆయనా పుస్తకంలోని వాక్యమే అప్పజెప్పాడు.

కోతలయ్యాక ఒక మధ్యాహ్నం యలమందయ్య వాళ్ల కళ్లం పక్కనుంచి వస్తూ ఆమె ఆగిపోయింది. నడిమి గుంజకు కట్టిన ఎర్రెద్దు గడ్డి తొక్కుతూ గుండ్రంగా తిరుగుతోంది. ఆమెకు మొదట దాని మొహం కనిపించింది, తర్వాత కుడిపక్క, తర్వాత తోక, ఆ తర్వాత ఎడమపక్క. సంచీ గట్టు మీద పెట్టి, ఎద్దును అదిలిస్తున్న యలమందయ్య దగ్గరికి గడ్డిలోకి నడిచింది.

"పెద్దయ్యా, గుంజ కాడ నిలబడుండ్రి. ఎద్దు ఏ పక్క కనబడుతుంది మీకు?"

"ఎడంపక్క."

"ఎప్పటికీ అదేనా?"

"అదే."

తర్వాత ఆయన్ను బయటికి, తాను నిలబడ్డ చోటికి తీసుకొచ్చి ఒక చుట్టు చూడమంది.

"ఈడ నాలుగు పక్కలూ కనబడె. ఒక్క చుట్టు నడిచేసరికి ఎద్దు తనుగూడ ఒకసారి తిరిగిందన్నట్టే. చందమామ గూడ గంతే. మనం భూమ్మీద, గుంజ కాడ ఉన్నం గనుక ఒక్క పక్కే కనబడుతది," అంది కృష్ణాబాయి.

యలమందయ్య ఎద్దును ఆపి, ఎడమచెయ్యి గుంజ వైపు చాచి తానే ఒక చుట్టు నడిచాడు. ఎండ మొహాన పడింది, సగం చుట్టు దాటేసరికి వీపున పడింది.

"నేనూ తిరిగానమ్మా," అన్నాడు.

తనకే బుర్రకెక్కలేదనీ, పంతులమ్మకు పాఠం బాగా వచ్చనీ ఆయనే క్యాంపులో నలుగురికీ చెప్పుకున్నాడు. తీరిక దొరికితే బడి అరుగు మీద కూర్చుని వినేవాడు. అంగారకుడికి ఉన్న ఇద్దరు చంద్రుల్లో దగ్గరివాడు ఒక్క రోజులో మూడు చుట్లు కొడతాడనీ, అందుకే అక్కడ పడమట ఉదయిస్తాడనీ చదివి వినిపిస్తే, ఆ పేజీ మళ్లీ చదివించుకున్నాడు.

1970లో ఆమెకు ముదగల్‌కు బదిలీ అయింది. యలమందయ్య ఆమె ట్రంకుపెట్టెను బండిలో మస్కి బస్సు దాకా తెచ్చాడు. దారిలో శనికి ఎందరు చంద్రులని అడిగాడు.

"పది అని రాసిన్రు. ఇంక గూడ దొరకొచ్చు."

"దొరికితే ఉత్తరం రాయమ్మా," అన్నాడు ఆయన.