గాలి ఎల్లలు

తెలంగాణ రాకముందు మాట. నాచారం ఫ్యాక్టరీలో నేను పనిచేస్తూ ఆ పక్కనే ఉంటుండగా నా భార్యకు ఆయాసం మొదలైంది. సాయంత్రం పొగ కిందికి దిగితే కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయేది. ఉప్పల్‌లో చూపిస్తే డాక్టరు, "ముందు ఆ ఏరియా మారండి" అన్నాడు. చెంగిచెర్లలో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. చుట్టూ ఖాళీ ప్లాట్లు, అవతల రాళ్ల గుట్టలు. "గిక్కడ మంచిగ ఊపిరాడుతుంది" అని ఆమె సంబరపడింది.

దసరా దాటాక గాలి జవహర్‌నగర్ చెత్తగుట్టల వైపు నుంచి వీచడం మొదలైంది. ఇల్లంతా కుళ్లు వాసన. ఆయాసం మళ్లీ వచ్చింది. అదే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

"మారినం కద సార్, మల్ల ఏంది గిట్ల?" అని ఆమె అడిగింది.

"మనకు ఇవి వేరువేరు ఊళ్లమ్మా. గాలికి ఈ దిక్కంతా ఒకటే ప్రాంతం."

"మరి యాడికి పోవాలె?"

ఆయన మందులు రాశాడు.

ఆ సాయంత్రం కిటికీలన్నీ మూశాను. "ఊపిరాడుతలేదు, జర తెర్వుండ్రి" అంది. తెరిచాను. వాసనకు దగ్గు ఆగలేదు. "ముయ్యుండ్రి" అంది. ఏం చేయాలో తోచక కిటికీ రెక్క పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.