అటక మీది డెక్కు

చెవులన్న అనేది వీధివాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు అతని అక్కకీ కరెంటు బిల్లుకీ తప్ప ఎవరికీ తెలియదు. బడి అతన్ని వదిలేసిందని కొందరంటారు, అతనే బడిని వదిలేశాడని అతనంటాడు. పంతులు పాఠం చెబుతుంటే బల్ల చెక్కలో పురుగు నమిలే చప్పుడు వినిపించేదట, అందుకని చదువు తలకెక్కలేదట. వీధి మలుపులో స్కేట్‌బోర్డు దొర్లిన చప్పుడు విని, దాని మీద ఉన్నవాడి బరువెంతో, వాడు పొద్దున ఇంట్లో తిట్లు తిన్నాడో లేదో చెప్పేస్తానని కూడా అంటాడు. తిట్ల సంగతి కోతే. బరువు మాత్రం నిజం. పందెం కట్టినవాళ్ళందరూ ఓడిపోయారు.

అతనిది స్కేట్‌బోర్డుల దుకాణం. చక్రాలూ ఇరుసులూ బిగించకముందు ఉండే ఉత్త చెక్కని డెక్కు అంటారు. పాదం పొడుగుని బట్టి వెడల్పు, ఎక్కే ర్యాంపుని బట్టి లోపలి వంపు చూసుకుంటే చాలని మిగతా దుకాణాలవాళ్ళు చెబుతారు. చెవులన్న దగ్గర అంత తేలిగ్గా పని కాదు. డెక్కుని అటూ ఇటూ ఇటుకల మీద పెట్టి, కొనేవాడిచేత చెప్పులు విప్పించి, కళ్ళు మూయించి దాని మీద నిలబెడతాడు. తను నేలమీద బోర్లా పడుకుని వెనక కొస, అంటే తోకమీద ఓసారి, ముందు కొస, అంటే ముక్కుమీద ఓసారి వేలి కణుపుతో కొడతాడు. చెక్క మోగితే ఇస్తాడు. మొద్దుగా పలికితే, దండం పెట్టినా ఇవ్వడు.

వెనక గదిలో సొంత ప్రెస్సు ఉంది. పల్చటి చెక్కరేకులకి బంక రాసి, పేర్చి, అందులో పెట్టి బోల్టులు బిగించాలి. ఆ తర్వాత పైన ఒక మనిషి ఎక్కి నిలబడాలి. బంక పట్టు అందుకునేదాకా కదలకూడదు. వేరేచోట్ల దీనికి యంత్రాలు ఉంటాయి. ఇక్కడ బావ ఉండేవాడు.

అక్క మొగుడు. భారీ మనిషి. ప్రెస్సు మీద కుడికాలు ముందుకి వేసి, బోర్డెక్కినట్టే నిలబడేవాడు. అందుకే ఆ దుకాణం డెక్కులన్నిట్లో బావ నిలుచున్న తీరు కొంచెం ఉంటుందని చెవులన్న గొప్పలు పోయేవాడు. సాయంత్రం ఇంటికి బోర్డు మీదే వెళ్ళేవాడు బావ. సందు మొదట్లో ఆ చప్పుడు వినగానే అక్క పొయ్యి వెలిగించేది.

ఆ రోజు కూడా ప్రెస్సు బిగించి, నిలబడాల్సినంతసేపు నిలబడి, దిగి, చేతులు తుడుచుకుని తన పాత బోర్డు చంకన పెట్టుకున్నాడు. ఊరి చివర రెండువైపులా గోడల్లా లేచిన ఎత్తు ర్యాంపుకి వెళ్తానన్నాడు.

"ఒక్కసారి ఇటుకల మీద పెట్టు బావా, విని ఇస్తాను."

"నీ చెవుల్ని నమ్ముకుని బతుకుతున్నానట్రా నేను? పెళ్ళప్పుడు కూడా ఇలాగే మీ అక్కని తట్టి చూసి ఇస్తానన్నావు."

నవ్వుకుంటూ వెళ్ళాడు. ర్యాంపు అడుగున బోర్డు నడిమికి విరిగింది. మనిషి మళ్ళీ లేవలేదు.

బావ బిగించిన బోల్టుల మీద చెయ్యి వెయ్యడానికి చెవులన్నకి మనసు రాలేదు. పూట గడిస్తే తియ్యాల్సిన చెక్క వానాకాలమంతా ప్రెస్సులోనే ఉండిపోయింది. ఎండలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం బోల్టులు విప్పితే, లోపలి డెక్కు మిగతావాటిలా లేదు. వంపు లోతుగా ఉంది. మీద చెయ్యి పెడితే, ఎవరో ఇప్పుడే దిగి వెళ్ళినట్టు వెచ్చగా ఉంది. దాన్ని కొట్టి వినడానికి చెవులన్నకి ధైర్యం చాలలేదు. పాత దుప్పటిలో చుట్టి అటక ఎక్కించాడు.

ఆ మర్నాటి నుంచి అటక మీద చప్పుడు. దుకాణంలో గిరాకీ పలచబడ్డప్పుడు, ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగినప్పుడు, తోకమీద ఓసారి, ముక్కుమీద ఓసారి. సరిగ్గా అతను కొట్టినట్టే. ఇప్పుడు విను అన్నట్టు. వినేవాళ్ళకి ఎలుక అని చెప్పేవాడు. ఆ ఎలుక తన దగ్గరే పని నేర్చుకుందని ఓ కోత కూడా కోసేవాడు. గిరాకీ వెళ్ళిపోయాక మాత్రం దుకాణంలో ఒంటరిగా కూర్చోలేక బయట మెట్టు మీద కూర్చునేవాడు.

ఇలా ఉండగా బావ కూతురు, చెవులన్న ముద్దుగా పిడుగు అని పిలిచే మేనకోడలు, ఎత్తు ర్యాంపు ఎక్కుతానని పట్టుబట్టింది. అక్క ఏడ్చింది, తిట్టింది, చివరికి తమ్ముడికి ఫోన్ చేసింది.

"నువ్వు ఇవ్వకపోతే ఎక్కడో కొనుక్కుంటుందిరా. ఎవరూ విననిది ఎక్కుతుంది. నువ్వే ఇవ్వు. విని ఇవ్వు."

"నా చెవుల సంగతి నీకు తెలీదా అక్కా."

"నీ చెవులూ తెలుసు, నీ కోతలూ తెలుసు. అందుకే భయం."

మర్నాడు మధ్యాహ్నం పిడుగు వచ్చింది. గోడకి వేలాడుతున్న కొత్త సరుకులోంచి ఎర్ర డెక్కు ఒకటి లాగింది. అది బయట కంపెనీది.

"రంగు చూసి పెళ్ళి చేసుకునే రకం నువ్వు" అన్నాడు చెవులన్న.

"నువ్వు చప్పుడు చూసి చేసుకుందామని ఇలాగే మిగిలిపోయావుగా మామయ్యా."

ఇటుకల మీద పెట్టాడు. పిడుగు ఎప్పటిలాగే ఎడమకాలు ముందుకి వేసి కళ్ళు మూసుకుంది. అతను పడుకుని కొట్టాడు. తోక మోగింది. ముక్కూ మోగింది.

"గుడిగంటే. తీసుకుపో."

అటక మీద తోక మోగింది. ఆ వెంటనే ముక్కు మొద్దుగా, తడి మట్టిని కొట్టినట్టు పలికింది.

పిడుగు కళ్ళు తెరిచింది. "పైన ఎవరు?"

"ఎలుక."

"ఎలుక నిన్ను వెక్కిరిస్తోంది."

చెవులన్న మళ్ళీ పడుకుని, ముక్కు కింద చెవి ఆనించి, ఈసారి మెల్లగా కొట్టాడు. అప్పుడు దొరికింది. మోత చివర సన్నటి గుల్ల. పిడుగుని దింపి డెక్కుని మోకాలికి అడ్డంపెట్టి వంచాడు. ముక్కు దగ్గర చెక్కరేకులు పెదాల్లా విడిపోయాయి. లోపల బంక ఎప్పుడూ పట్టలేదు. ర్యాంపు అడుగున ఇది ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

ఇన్నేళ్ళలో మొదటిసారి చెవి మోసపోయింది. పైన ఉన్నది మోసపోలేదు.

పిడుగు నిచ్చెన లాక్కొచ్చింది.

"ఎక్కకు. అక్కడేమీ లేదు."

"లేకపోతే భయమెందుకు?"

దుప్పటి చుట్టతో దిగింది. విప్పి చూసి, పైన అరచెయ్యి పెట్టింది.

"ఇది నాన్న చివరిసారి నిలబడ్డదేగా. నాకెందుకు చెప్పలేదు?"

చెవులన్న చెయ్యి చాపేలోపు దాన్ని ఇటుకల మీద పెట్టి ఎక్కి నిలబడింది. కళ్ళు మూసుకుంది. కుడికాలు ముందుకి పడింది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ కుడికాలు ముందుకి వెయ్యలేదు.

"విను మామయ్యా."

పడుకున్నాడు. వేలు మడిచాడు. అతను ఇంకా కొట్టకముందే చెక్క లోపల ఏదో ఊపిరి బిగపట్టినట్టు అనిపించింది. తోకమీద కొట్టాడు, ముక్కుమీద కొట్టాడు. ఆ మోత గదిలోంచి పోవడానికి చాలాసేపు పట్టింది. గోడ మీది డెక్కులన్నీ సన్నగా వణికాయి. ఎక్కడా గుల్ల లేదు. ఇంత మంచి చెక్క అతను తన జన్మలో వినలేదు. అయినా ఆ మాట గొప్పగా చెప్పాలనిపించలేదు.

"బాగుంది" అన్నాడు.

"అంతేనా? గుడిగంటా కాదు, ఏమీ కాదు?"

"బాగుందన్నానా. ఇలా ఇవ్వు, చక్రాలు బిగిస్తాను."

అటక మీద ఇక ఏ చప్పుడూ రాలేదు.

ఎండ తగ్గకముందే ఎత్తు ర్యాంపు దగ్గరికి వెళ్ళారు. అక్క రానంది. ఆ చోటు చూడలేనంది. కానీ ఫోన్ పెట్టెయ్యొద్దని, దగ్గరగా పట్టుకోమని తమ్ముడికి చెప్పింది. చెవులన్న ర్యాంపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక చేత్తో ఫోన్ పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి నేలకి ఆనించాడు.

పైన అంచు మీద పిడుగు నిలబడింది. కుడికాలు ముందు. ఒక్కసారి కిందకి చూసి వంగింది.

దిగింది. ఆ చప్పుడు నేలలోంచి అతని అరచేతిలోకి వచ్చింది. బరువుగా, నిమ్మళంగా, తొందర లేని చప్పుడు. బక్కపల్చటి పిల్లది కాదు. చెవులన్న కళ్ళు మూసుకున్నాడు. ఆ బరువు ఎవరిదో అతనికి తెలుసు. ఏళ్ళ తరబడి ప్రెస్సు మీద చూసిన బరువు. ర్యాంపు అడుగున, బావ బోర్డు విరిగిన చోట, ఆ చప్పుడు ఇంకాస్త నేలకి ఒదిగి, ఎవరో భుజాలు పట్టుకుని అదిమినట్టు స్థిరపడి, అవతలి అంచు దాకా వెళ్ళి ఆగింది.

కళ్ళు తెరిస్తే పిడుగు అవతలి అంచు మీద నిలబడి ఊపిరి పీల్చుకుంటోంది. ఒక్కతే ఉంది.

చెవులన్న ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"పడలేదు అక్కా. బాగానే దిగింది."

"విన్నాను" అంది అక్క. "అది పిడుగు కాదు కదరా."

ఏదో ఒక కోత కోద్దామని నోరు తెరిచాడు.

"కాదక్కా."

అవతల గ్లాసో గిన్నో కింద పెట్టిన చప్పుడు, ఆ వెనక అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించాయి.

"చీకటి పడకముందే ఇంటికి రమ్మను" అంది. "బోర్డు మీదే రమ్మను. నేను పొయ్యి వెలిగిస్తున్నాను."