కుడితి బకెట్‌లో సూది

మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు మోరీలో పోయడమంటే మహా నేరం. మొదటి కడుగు, పప్పు కడిగిన నీళ్లు, వంచిన గంజి, కూరగాయల తొక్కలు అన్నీ వంటింటి గుమ్మం పక్కనున్న కుడితి బకెట్‌లోకే పోవాలి. రెండో కడుగు కుండీలో ఉన్న కరివేపాకు చెట్టుకు. శాలిబండలో మా గల్లీ చివర బర్రెలు పెట్టుకున్న పెద్దమ్మ ఒకామె ఉంది. పొద్దున్నే పాలు పోసి, పోతూ పోతూ ఇంటింటి కుడితి తీసుకుపోతుంది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే చోట నీళ్లు పారబోసేవాళ్లను మా అత్తమ్మ మనుషుల్లో లెక్కేయదు. ఆమెతో లొల్లి పడలేక నేనూ దారిలో పడ్డాను.

నేను ఇంట్లోనే మగ్గం పని చేస్తాను. జాకెట్ బట్టను చట్రానికి బిగించి, సన్నటి సూదితో పూసలు కుడతాను. ఒక పని మీద ఇంకో పని పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ రోజు చట్రం కిందే పళ్లెం పెట్టుకుని బీరకాయలు చెక్కాను. తొక్కలు బకెట్‌లో వేసి, పెద్దమ్మకు ఇచ్చేసి, మళ్లీ చట్రం ముందు కూర్చుంటే బట్టకు గుచ్చిన సూది లేదు.

చాప దులిపాను. కొంగు, జడ, జాకెట్ అంచులు తడిమాను. అప్పుడు పళ్లెం గుర్తొచ్చింది. సూది జారి తొక్కల్లో పడిందేమో. పెద్దమ్మ వెనకటి బర్రె మేతలో ఇనుప తీగముక్క మింగే చచ్చిపోయింది. అది లోపల గుండెకు గుచ్చుకుందని ఆమే చెప్పింది. ఇప్పుడున్నవి రెండే. ఒకటి పాలిస్తోంది, ఇంకోటి చూడిది. మా ఇంటి కుడితి ఆ చూడి బర్రెకే.

చెప్పుల్లేకుండా ఉరికాను. ఆరిండ్ల కుడితి కలిసే తొట్టి కదా, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన కూడా దారిలోనే వచ్చింది. ఆ ఆలోచనకు నాకు నేనంటేనే భయమేసింది.

నేను పోయేసరికి బర్రె తొట్టిలో మూతి పెట్టి సగం తాగేసింది.

"పెద్దమ్మా, ఆపు! దాంట్ల నా సూది పడ్డదేమో!"

ఆమె మొహం తెల్లబోయింది. బర్రెను వెనక్కి గుంజి, మిగిలిన కుడితిని పాత చీరగుడ్డలో వడపోసింది. ఇద్దరం కూర్చుని ఒక్కో తొక్క విప్పి చూశాం. సూది లేదు. పశువుల డాక్టర్‌కు ఫోన్ చేస్తే, మేత తింటుందా, నెమరేస్తుందా చూస్తూ ఉండండి, ఆగితే వెంటనే పిలవండి అన్నాడు.

ఇక నాకు ఆ బర్రె నోరు తప్ప ఇంకేదీ కనిపించలేదు. దవడ ఆడుతుంటే ఊపిరి పీల్చుకునేదాన్ని, ఆగితే నాకూ ఆగేది. అన్నం సయించలేదు. మర్నాడు భయంతో తొక్కలు వేయకుండా, వడగట్టిన గంజి మాత్రం నేనే తీసుకుపోయి తొట్టిలో పోశాను. బర్రె వాసన చూసి మూతి తిప్పేసుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అయిపోయింది పెద్దమ్మా" అని బావురుమన్నాను.

"ఏంది అయిపోయేది? ఉత్త గంజి ఎట్ల తాగుతది? తొక్కలేవి?" అంటూ ఆమె పక్కింటి బకెట్‌లోంచి సొరకాయ తొక్కలు తీసి వేసింది. బర్రె జుర్రుజుర్రున తాగింది. "అది మస్తుగ నెమరేస్తుంది. నువ్వే తింటలేవు బిడ్డా. మొహం ఎట్ల గుంజుకపోయిందో చూడు."

బర్రె సుఖంగా ఈనింది. సూది మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

పెద్దమ్మకు మాత్రం కొత్త అలవాటు అయింది. ప్రతి గుమ్మం ముందూ బకెట్‌లో మోచేతి దాకా చేయి పెట్టి అడుగంతా దేవుతుంది. మొదటిసారి పక్కింట్లో అలా దేవడం చూసి, నా బకెట్ పట్టుకుని తల దించుకుని నిలబడ్డాను. ఆమె వచ్చి, చేయి పెట్టకుండానే ఎత్తుకుంది.

"నాది చూడవా పెద్దమ్మా?"

"నీది ఎందుకు? ఏమన్న పడితె నువ్వు ఉరికొచ్చి చెప్తవ్. చెప్పనోళ్లదే నాకు ఫికర్."

ఆ రోజు ఉరుకుతూ నేనేమనుకున్నానో ఆమెకు తెలియదు. అందుకే రోజూ ఆమె రాకముందే, నేనే ఆ బకెట్ అడుగుదాకా చేయి పెట్టి చూస్తాను.