చల్లగున్న గోనెసంచి

పట్నం నుంచి కల్వకుర్తి పోయే బస్సుల, ఒళ్లె పుట్టకొక్కుల, గదే పుట్టగొడుగుల, విత్తనం సీసా పెట్టుకోని కూసున్న. మా ఊరికింక కరెంటు రాని రోజులవి. పక్కసీటాయన సీసా గుర్తుపట్టిండు. ఆయనా గదే పంట పండిస్తడట. పొద్దుగాలనే గడ్డి నింపి విత్తనం చల్లిన గోనెసంచట, కాళ్లకాడ పెట్టుకున్నడు. నా జొన్నరొట్టెల సగం పెట్టి, ఎట్ల చెయ్యాల్నో అడిగిన.

"యాడ అమ్ముతవ్ తమ్మీ?"

"కల్వకుర్తి అంగట్ల, అన్నా."

"నేనూ ఆడనే," అని జరసేపు రొట్టె నమిలి చెప్పిండు. "వరిగడ్డి నానబెట్టి కుప్పెయ్యి. మాగి పొగలు కక్కుతది. గా వేడి మీదనే సంచులల్ల నింపి విత్తనం చల్లు."

గట్లనే చేసిన. విత్తనమంత ఉడికి చచ్చింది. గడ్డి చల్లారినంకనే చల్లాల్నట. నా రొట్టె తిన్న నోటితోనే అబద్ధం చెప్పిండు.

ఆయన దిగినప్పుడు ఆ గోనెసంచి కిందికి అందిచ్చింది నేనే. చేతులకు చల్లగనే తగిలింది. అయినా ఆయన మాటనే నమ్మిన.