చేతులతో మాట్లాడే ఇంటికి ఏ లైను?

2021 వానాకాలం. గోదావరిఖని మార్కెట్ వెనక సందులో నాదొక చిన్న దుకాణం. అంతకు ముందు చాలా ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కాంట్రాక్టు లైన్‌మ్యాన్‌గా స్తంభాలెక్కాను. మోకాళ్లు మొరాయించాక ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇప్పించే పనిలో పడ్డాను. కేబుల్ కావాలన్నా, టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ కావాలన్నా నా దగ్గరికే వస్తారు. రెండింటికీ తేడా చెప్పడంతోనే నా రోజు సగం గడిచిపోయేది.

కేబుల్ అంటే టీవీ ఛానళ్లు వచ్చే తీగే. అది వీధి మొత్తానికీ ఉమ్మడి. ఎవరూ వాడనప్పుడు దూసుకుపోతుంది, అందరూ ఒకేసారి మీద పడితే చతికిలబడుతుంది. డీఎస్ఎల్ అంటే ఎక్స్ఛేంజి నుంచి ఒక్కో ఇంటికి విడిగా వచ్చే రెండు రాగి తీగలు. వేగం తక్కువ. ఎక్స్ఛేంజికి దూరమైనకొద్దీ ఇంకా తక్కువ. కానీ పక్కింటివాళ్లు ఏం చూసుకున్నా ఆ తీగ మీద మన దారి మనదే. అప్పటికే జనం డీఎస్ఎల్‌ను వదిలేస్తున్నారు. తేడా అడిగేవాళ్లే గానీ పెట్టించుకుంటామనేవాళ్లు లేరు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం సమ్మక్క వచ్చింది. ఆమె భర్త ఓదెలు ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. వాళ్ల క్వార్టరు గని మట్టి పోసిన గుట్టల పక్కన ఉంటుంది, అక్కడ సెల్‌ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. అందుకని వీధిలో అందరితోపాటు ఓదెలు కూడా కేబుల్ ఇంటర్నెట్ పెట్టించాడు. దాన్ని తీసేసి ఫోను తీగది పెట్టమంది సమ్మక్క. స్పీడు బాగా తగ్గిపోతుందని చెప్పాను.

"నాకు జోరు వద్దన్నా. నడుమ ఆగకుంటె చాలు."

ఎందుకని అడిగితే మెల్లగా చెప్పుకొచ్చింది. కూతురు స్వప్నకు పుట్టుకతోనే చెవులు వినబడవు, మాట రాదు. బడికి పోయే వయసు రాకముందే తల్లీకూతుళ్లు తమకంటూ సైగలు అల్లుకున్నారు. ఆ సైగలు ఓదెలుకే సగం అర్థం కావు. స్వప్నను గోలేటిలో బట్టలు కుట్టే అబ్బాయికిచ్చారు, అతనూ వినలేడు. ఆమెకిది తొలి కాన్పు. ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పడంతో స్వప్న పుట్టింటికి రాలేదు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తను వదిలి సమ్మక్క వెళ్లలేకపోయింది. రోజూ సాయంత్రం ముసలామెకు తినిపించి, ఫోను గోడకు ఆనించి పెట్టుకుని వీడియోలో కూతురితో మాట్లాడేది. డ్యూటీల నుంచి, బడుల నుంచి వీధంతా ఇళ్లకు చేరే వేళ అదే.

ఒక సాయంత్రం స్వప్న పొట్ట మీద చెయ్యి పెట్టి వేళ్లు ఆడించింది. బిడ్డ కదులుతోందని ఆ సైగకు అర్థం. దాని వెంట అరచెయ్యి అడ్డంగా ఊపితే, కదలడం లేదని. ఆ ఊపు సమ్మక్క దాకా రాలేదు. అంతలోనే బొమ్మ నిలిచిపోయింది. ఆమె సంబరంగా నవ్వి, పైకి చూసి దండం పెట్టింది. కాసేపటికి ఫోను కట్టయింది.

"బిడ్డ కదుల్తలేదని అది చెప్తాంటె నేను నవ్విన్నన్నా" అంది. "అమ్మ నవ్వుతాంది గదా, ఇది మామూలే గావొచ్చని పండుకున్నదట."

మర్నాడు పొద్దున స్వప్న ముఖం చూసి పక్కింటామెకు అనుమానం వచ్చింది. దవాఖానకు తీసుకుపోతే వెంటనే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల పుట్టింది. ఊపిరి అందక చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. బతికింది. అత్తను ఆడబిడ్డకు అప్పగించి సమ్మక్క వెళ్లింది, మనవరాలు ఇల్లు చేరాకే తిరిగొచ్చింది. వచ్చిన మర్నాడే నా దుకాణానికి వచ్చింది. చెబుతున్నంతసేపూ ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడవాల్సిందంతా గోలేటిలోనే ఏడ్చి వచ్చినట్టుంది.

ఓదెలు ముందు ఒప్పుకోలేదు. అందరూ పీకేస్తున్న తీగను మనం పెట్టించుకోవడం ఏందని అన్నాడట. సమ్మక్క ఆయనతో వాదన పెట్టుకోకుండా రోజూ నా దగ్గరికి వచ్చేది. ఎక్స్ఛేంజిలో అడిగితే, ఆ కాలనీ తీగలను ఇప్పుడెవరూ చూసుకోవడం లేదని, లైను ఇస్తామని మాట ఇవ్వలేమని అన్నారు. పనిచేసే తీగల జత దొరికితే మాత్రం కలుపుకోమన్నారు.

వీధి మూల పిల్లర్ ఉంటుంది, అంటే తీగలు ఇళ్లకు పంచే ఇనుప పెట్టె. తలుపు తెరిస్తే లోపలంతా తుప్పు, తడి మట్టి. ముసురులో గొడుగు కింద గొంతుక్కూర్చుని జత తర్వాత జత పరీక్షించాను. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో గరగర, మరోదాంట్లో ఉలుకూ పలుకూ లేదు. మోకాళ్లు సలుపుతున్నాయి. లేదమ్మా, కాదు అని చెప్పి ఇంటికి పోదామని రెండుసార్లు లేచాను. క్వార్టరు గుమ్మంలో నిలబడి ఆమె నా వైపే చూస్తోంది. మళ్లీ కూర్చున్నాను. చివరికి ఎవరో ఖాళీ చేసిపోయిన ఇంటి జత ఒకటి శుభ్రంగా పలికింది.

ఆ తీగ మీద వచ్చిన వేగం చెప్పుకోవడానికి సిగ్గుపడేంత తక్కువ. వీడియో నాణ్యత బాగా తగ్గించి పెట్టాను. ముఖం అలికినట్టు కనబడుతుంది, చేతులు తెలుస్తాయి, సర్దుకోవాలని చెప్పాను. వీధంతా ఇళ్లకు చేరే వేళ చూస్తేగానీ నమ్మకం లేదని సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను.

స్వప్న తెర మీదికి వచ్చింది. ఒక చేత్తో పాపను పొదివి పట్టుకుని, రెండో చేత్తో మాట్లాడుతోంది. సమ్మక్క చేతులు ఆడుతూనే ఉన్నాయి. బొమ్మ ఎక్కడా ఆగలేదు. డ్యూటీ నుంచి వచ్చిన ఓదెలు బూట్లయినా విప్పకుండా వెనక నిలబడ్డాడు.

"ఏమంటాంది?" అని అడిగాడు.

"నిద్ర పోనిస్తలేదట పిల్ల" అంది సమ్మక్క, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఓదెలు ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు. పాప ఎట్లుందని అడగడానికి చెయ్యి ఎట్లా పెట్టాలో భార్యను అడిగాడు. ఆమె ఆయన వేళ్లు పట్టుకుని చూపించింది. నేను సంచి సర్దుకుని వచ్చేశాను.

కిందటేడు ఆ వీధికి ఫైబర్ వచ్చింది. రాగి తీగలు తీసేశారు, డీఎస్ఎల్ పేరు ఎత్తేవాళ్లు కూడా లేరు. నాకు మాత్రం సమ్మక్క ఒక అలవాటు నేర్పింది. ఎవరు కనెక్షన్‌కు వచ్చినా ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరితో మాట్లాడతారు, ఏ వేళ మాట్లాడతారు అని ముందు అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు, ఆ ముచ్చట నీకెందుకన్నా, జల్ది పెట్టు అంటారు. రోజంతా దుకాణంలో కూర్చుని నాకూ ఓపిక ఉండదు. అయినా వాళ్లు చెప్పేదాకా ఆగుతాను.